పాత గొంతుకు కొత్త దరువు: జాజ్ గీతాల ఎలక్ట్రానిక్ రీమిక్సులు

అమెరికాలో 1930ల నుంచి 1960ల దాకా జాజ్ గాయనీ గాయకులు రికార్డు చేసిన పాటల్లో గొంతును మాత్రం అలాగే నిలిపి, వెనక ఉన్న వాద్యాలను తగ్గించో తీసేసో, డ్రమ్ మెషీన్, సింథసైజర్, కంప్యూటర్ల సాయంతో కొత్త దరువు కట్టడాన్ని జాజ్ గీతాల ఎలక్ట్రానిక్ రీమిక్స్ అంటారు. బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్, సారా వాన్, డైనా వాషింగ్టన్, పెగ్గీ లీ, నీనా సిమోన్ ఈ రంగంలో తరచుగా వినిపించే గొంతులు. వీరిలో చాలామంది రీమిక్సులు మార్కెట్లోకి రాకముందే కన్నుమూశారు. తమ గొంతు కింద ఎవరు ఏ దరువు వేస్తారో వారికి తెలియదు. ఈ కళలోని ఆకర్షణకూ దాని చుట్టూ ఉన్న తగువులకూ మూలం అదే.

తెలుగు శ్రోతకు రీమిక్స్ అనగానే సినిమా పాట గుర్తొస్తుంది. ‘ఘరానా మొగుడు’ (1992)లోని కోడిపెట్ట పాటను ‘మగధీర’ (2009)లో, ‘గ్యాంగ్ లీడర్’ (1991)లోని వాన పాటను ‘రచ్చ’ (2012)లో మళ్లీ కట్టారు. తండ్రి ఆడిన పాటకు కొడుకు ఆడాడు. అక్కడ బాణీ పాతది, పాడినవారు కొత్తవారు. ఇక్కడ చెప్పుకొనే రీమిక్సులో వ్యవహారం తలకిందులు. బాణీ కింద స్వరసంగతి మారవచ్చు, వేగం మారవచ్చు, పాట నిడివి రెండింతలు కావచ్చు, కానీ గొంతు మాత్రం ఆ రోజు ఆ స్టూడియోలో ఆమె పాడినదే. ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా అదే.

ముక్క నుంచి మొత్తం గొంతు దాకా

రీమిక్స్ జాజ్‌లో పుట్టలేదు. 1960ల చివర జమైకాలో రికార్డుల నుంచి గొంతు తీసేసి వాద్యాలను మాత్రమే వినిపించే ‘వెర్షన్’లు వచ్చాయి. కింగ్ టబ్బీ వంటి సౌండ్ ఇంజనీర్లు మిక్సింగ్ బల్లనే వాద్యంగా వాడి ‘డబ్’ అనే పద్ధతిని పెంచారు. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ మూడు నిమిషాల పాటలను నాట్యశాలల కోసం సాగదీసి, 12 అంగుళాల సింగిల్ రికార్డుకు దారి వేశాడు.

జాజ్ ఈ దారిలోకి శాంప్లర్ యంత్రాలతో వచ్చింది. 1987లో వచ్చిన ఈ-ము ఎస్పీ-1200 యంత్రంలో మొత్తం కలిపి దాదాపు 10 సెకన్ల ధ్వనినే దాచుకోవచ్చు. కాబట్టి ఆ తరం సంగీతకారులు పూర్తి పాట జోలికి పోలేదు. ఒక ట్రంపెట్ కేక, రెండు పియానో స్వరాలు, గొంతులోంచి ఒక మాట, అంతే. ఆ ముక్కను పదే పదే తిప్పి పాట కట్టేవారు. ఇంగ్లండ్‌కు చెందిన అస్‌త్రీ బృందం 1990ల మొదట్లో బ్లూ నోట్ కంపెనీ అనుమతితో హెర్బీ హాన్‌కాక్ ‘కాంటలూప్ ఐలాండ్’ ముక్కలతో చేసిన ‘కాంటలూప్’ ఈ పద్ధతికి పేరున్న ఉదాహరణ. ఫ్రెంచి సంగీతకారుడు లుడోవిక్ నవార్ సెయింట్ జెర్మేన్ అనే పేరుతో 2000లో విడుదల చేసిన ‘రోజ్ రూజ్’ మరో మెట్టు. 1973లో మోంట్రూ ఉత్సవంలో మార్లీనా షా పాడిన ప్రత్యక్ష కచేరీ నుంచి చిన్న వాక్యం ఒకటి తీసుకుని, డేవ్ బ్రూబెక్ బృందం ‘టేక్ ఫైవ్’ డ్రమ్స్ ముక్కను దాని పక్కన పెట్టాడు. ఆ వాక్యం తిరిగి తిరిగి వస్తూ హరికథలో పల్లవి అందుకున్నట్టు పట్టు బిగిస్తుంది. అయినా అది షా పాడిన పాట కాదు, ఆమె గొంతులో ఒక చిటికెడు మాత్రమే.

పూర్తి గొంతును పెట్టుకునే రీమిక్స్ పెరగడానికి కంప్యూటర్ హార్డ్ డిస్కులు, శ్రుతి మారకుండా వేగం మార్చగల సాఫ్ట్‌వేర్ కారణం. గ్రామఫోన్ పళ్లెం వేగం పెంచితే గొంతు కీచుగా మారుతుంది, తగ్గిస్తే బొంగురుపోతుంది. 2001లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ వంటి ప్రోగ్రాములు ఈ రెండింటి లంకెను తెంచి, గొంతును ముక్కముక్కగా సాగదీసి దరువుకు సర్దే పనిని తేలిక చేశాయి.

లయ దగ్గరే పేచీ

ఈ కళలో అసలు కష్టం వాద్యాలను తీసేయడంలో లేదు, లయలో ఉంది. జాజ్‌లో ‘స్వింగ్’ అనే నడక ఉంది. ఒక దెబ్బను రెండుగా పంచినప్పుడు ఆ రెండు భాగాలూ సమానంగా ఉండవు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. కర్ణాటక సంగీతం తెలిసినవారు తిశ్ర గతిని తలచుకుంటే దీని రుచి అందుతుంది. ఒక దెబ్బకు మూడు అక్షరాలు ఉన్నాయనుకుని మొదటి రెండింటినీ కలిపి పట్టుకుని మూడోదాన్ని వదిలితే దాదాపు ఆ నడకే వస్తుంది. నాట్యశాలల కోసం యంత్రాలతో కట్టే హౌస్ సంగీతం అలా కాదు. నిమిషానికి దాదాపు 120 నుంచి 130 దెబ్బలు, ప్రతి దెబ్బ మీదా కిక్ డ్రమ్, మధ్యలో సమంగా పంచిన హై-హ్యాట్. చతురశ్ర గతి అనుకోండి. తిశ్రంలో ఊగే గొంతును చతురశ్రంలో పాతిన గుంజలకు కట్టాలి. యంత్రాలు తయారుచేసినవారికీ ఈ ఇబ్బంది తెలుసు. అకాయ్ కంపెనీ కోసం ఎంపీసీ యంత్రాన్ని రూపొందించిన రోజర్ లిన్ అందులో స్వింగ్‌కు ఒక మీట పెట్టాడు. 50 శాతం దగ్గర రెండు భాగాలూ సమానం, 66 దగ్గర తిశ్రపు ఊపు, మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు.

అంతకన్నా లోతైన చిక్కు గాయనిది. బిల్లీ హాలిడే దరువు మీద పాడదు, దరువుకు కాస్త వెనక పాడుతుంది. మన లక్షణకారులు తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడాన్ని అనాగత గ్రహం అన్నారు. ఆమె విషయంలో అది ఎత్తుగడకే పరిమితం కాదు. పాదమంతా ఆలస్యంగా నడిచి, చివర్లో హఠాత్తుగా తాళాన్ని అందుకుంటుంది. ఆ ఆలస్యంలోనే పాట భావమంతా ఉంటుంది. కంప్యూటర్ తెర మీద ఆమె మాటలు దరువు గీతలకు పక్కగా పడి ఉంటాయి. ఒక్క బటన్ నొక్కితే అవన్నీ గీతల మీదికి వచ్చి వరసగా నిలబడతాయి. అప్పుడు వినిపించేది హాలిడే గొంతే కానీ హాలిడే పాట కాదు. మంచి రీమిక్సుకూ చెడ్డ రీమిక్సుకూ నా లెక్కలో తేడా ఇక్కడే తేలిపోతుంది. దరువు కట్టినవాడు గాయని కాలాన్ని విన్నాడా, లేక గాయని చేత తన కాలం లెక్క పెట్టించాడా అన్నది చూడాలి.

అనుభవం ఉన్నవారు దీనికి కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. నిమిషానికి 63 దెబ్బల నెమ్మది పాట అయితే దాన్ని సాగదీయకుండా, దాని కింద 126 దెబ్బల దరువు వేస్తారు. గొంతు విలంబంలోనే ఉంటుంది, కాళ్లు ద్రుతంలో ఆడతాయి. కొందరు పాదం మొదటి మాటను మాత్రం గీత మీద నిలిపి మిగతాదంతా గాయని ఇష్టానికి వదిలేస్తారు. మరికొందరు గొంతు ఉన్నంతసేపూ కిక్ డ్రమ్‌ను ఆపేస్తారు, గొంతు ఆగాక తిరిగి వేస్తారు.

పాత రికార్డింగు పద్ధతి మరో అడ్డంకి. 1930ల, 40ల పాటల్లో గాయనీ వాద్యబృందమూ ఒకే గదిలో, ఒకేసారి, ఒకే ట్రాక్ మీద రికార్డయ్యారు. గొంతు కింద పియానో, బేస్, డ్రమ్స్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఉప్పు కలిసిన నీళ్లలోంచి ఉప్పు తీసినట్టే. ఒకప్పుడు ఫిల్టర్‌తో మంద్ర ధ్వనులను కోసేసి, మిగిలిన పాత బేస్ మీద కొత్త బేస్‌ను గట్టిగా వేసి కప్పిపుచ్చడమే దారి. 1950ల చివర్లో, 60లలో స్టూడియోలకు మూడు, నాలుగు ట్రాకుల టేపులు వచ్చాక గొంతుకు సొంత ట్రాక్ దొరికింది. అందుకే రికార్డు కంపెనీల అల్మారాల్లో ఉన్న అసలు టేపులకు అంత విలువ వచ్చింది.

వర్వ్ రీమిక్స్డ్

ఈ రంగానికి ఒక పేరూ ఊరూ ఇచ్చింది 2002లో వచ్చిన ‘వర్వ్ రీమిక్స్డ్’ ఆల్బమ్. వర్వ్ కంపెనీని 1956లో నార్మన్ గ్రాంజ్ స్థాపించాడు. ఎల్లా ఫిట్జెరాల్డ్ చేత కోల్ పోర్టర్ మొదలైన రచయితల పాటలను వరస ఆల్బములుగా పాడించింది ఈ కంపెనీయే. తరవాత చేతులు మారుతూ యూనివర్సల్ గొడుగు కిందికి చేరేసరికి మెర్క్యురీ, ఫిలిప్స్ వంటి కంపెనీల టేపులూ ఆ గూటికే వచ్చాయి. నీనా సిమోన్ 1960ల మధ్యలో పాడింది ఫిలిప్స్‌కు. అయినా ఆమె పాటలు వర్వ్ పేరుతో రీమిక్స్ అయ్యాయంటే కారణం ఇదే.

2002లోనే సంగీతకారుడు జంకీ ఎక్స్ఎల్ చేసిన ఎల్విస్ ప్రెస్లీ పాట రీమిక్స్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. పాత గొంతుకు కొత్త కొనుగోలుదారులున్నారని కంపెనీలకు తెలిసిన కాలం అది. అయితే వర్వ్ ఒక తెలివైన పని చేసింది. ఒకే చేతికి అన్నీ ఇవ్వకుండా ఒక్కో పాటను ఒక్కో ఊరి, ఒక్కో తీరు సంగీతకారులకు పంచింది. న్యూయార్క్ హౌస్ సంగీతంలో ఆరితేరిన మాస్టర్స్ ఎట్ వర్క్ జంటకు నీనా సిమోన్ ‘సీ-లైన్ వుమన్’, జో క్లాసెల్‌కు ఆమెదే ‘ఫీలింగ్ గుడ్’, మాంచెస్టర్ జంట రే అండ్ క్రిస్టియన్‌కు డైనా వాషింగ్టన్, వియన్నా జంట జిహాన్ అండ్ కామియెన్‌కు బిల్లీ హాలిడే ‘డోంట్ ఎక్స్‌ప్లెయిన్’ దక్కాయి. వీటితో పాటు మార్పు చేయని అసలు పాటలను ‘వర్వ్ అన్‌మిక్స్డ్’ పేరుతో విడిగా విడుదల చేశారు. ఆ నిర్ణయం నాకు రీమిక్సుల కన్నా ఎక్కువ నచ్చింది. 20 ఏళ్ల కుర్రాడికి క్లబ్బులో విన్న గొంతు ఎవరిదో తెలుసుకునే దారి అక్కడే దొరికింది.

సిమోన్ పాటలు రీమిక్సుకు ఎందుకంత ఒదిగిపోయాయో చూడాలి. ‘సీ-లైన్ వుమన్’ (1964)లో ఆమె ఒక మాట అంటే బృందం వంత పాడుతుంది. వెనక తాళవాద్యాలు, వేణువు, అంతకు మించి పెద్దగా లేవు. మన పల్లెపాటల్లో ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునే తీరు అది. దరువు మార్చినా ఆ ప్రశ్నాజవాబుల కట్టు చెదరదు. ‘ఫీలింగ్ గుడ్’ (1965) అయితే వాద్యం ఏదీ లేకుండా ఒంటరి గొంతుతో మొదలవుతుంది. రీమిక్స్ చేసేవాడికి గొంతును వేరుచేసే శ్రమ లేకుండా పాటే ఆ పని చేసిపెట్టింది. ఈ పాటను సంగీత నాటకం కోసం ఆంథనీ న్యూలీ, లెస్లీ బ్రికస్ రాశారు.

2003లో రెండో ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సిమోన్ ఫ్రాన్స్‌లో మరణించారు. ఇందులో చికాగోకు చెందిన ఫీలిక్స్ ద హౌస్‌క్యాట్ చేసిన ‘సిన్నర్‌మ్యాన్’ ఈ కళారూపానికే గుర్తుగా నిలిచిపోయింది. 1965లో ‘పాస్టెల్ బ్లూస్’ ఆల్బములో వచ్చిన అసలు పాట పది నిమిషాలు దాటుతుంది. నీగ్రో స్పిరిచువల్ అనే భక్తిగీతం అది. పాపి ఒకడు తీర్పు రోజున దాక్కునే చోటు కోసం కొండ దగ్గరికీ ఏటి దగ్గరికీ పరుగెడతాడు. చిన్నప్పుడు అమ్మతో పాటు చర్చి సభల్లో విన్న వేగాన్ని సిమోన్ పియానో మీదికి తెచ్చారు. మధ్యలో వాద్యాలు తప్పుకుని చప్పట్లు మాత్రమే మిగిలే ఘట్టం ఒకటుంది. నాట్యశాల డీజేలు ‘బ్రేక్’ అని పిలిచేది సరిగ్గా అలాంటిదే. మన భజన గోష్ఠి తారస్థాయికి చేరినప్పుడు హార్మోనియం ఆగిపోయి తాళాలూ చప్పట్లూ మిగిలే క్షణం తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఫీలిక్స్ చేసిందల్లా ఆ పరుగును గుర్తించి, దాని కింద ఇంకో ఇంజను పెట్టడం. గొంతుతో పోట్లాడలేదు. 2006లో వచ్చిన ‘మయామీ వైస్’ సినిమాతో ఈ రీమిక్స్ క్లబ్బుల బయటికీ వెళ్లింది.

అదే ఆల్బములో పారిస్ బృందం గోటాన్ ప్రాజెక్ట్ సారా వాన్ పాడిన ‘వాటెవర్ లోలా వాంట్స్’ను టాంగోగా మలిచింది. 1955 నాటి ఆ పాటలో మొదటి నుంచీ లాటిన్ వయ్యారం ఉంది. లేనిదాన్ని బయటి నుంచి తెచ్చిపెట్టకుండా ఉన్నదాన్ని పైకి తీశారు. 2005 నాటి మూడో ఆల్బమ్ నెమ్మది ఇండీ, ఎలక్ట్రానిక్ బృందాల వైపు మొగ్గింది. ద పోస్టల్ సర్వీస్ చేసిన ‘లిటిల్ గర్ల్ బ్లూ’, జూనియర్ బాయ్స్ చేసిన బిల్లీ హాలిడే ‘యెస్టర్‌డేస్’ అందులో ఉన్నాయి. 2008లో నాలుగోది, 2013లో గాయనీమణుల పాటలతో మరొకటి వచ్చాయి. మొదటి రెండింటిలో ఉన్న ఉత్సాహం తరవాతి వాటిలో పలచబడిందనే చెప్పాలి.

ఇతర కంపెనీలూ అదే బాట పట్టాయి. సోనీ బీఎంజీ తన దగ్గరున్న సిమోన్ పాటలతో 2006లో, బిల్లీ హాలిడే పాటలతో 2007లో ‘రీమిక్స్డ్ అండ్ రీఇమాజిన్డ్’ ఆల్బములు తెచ్చింది. 2009లో నాట్ కింగ్ కోల్ పాటలకు ‘రీ:జనరేషన్స్’ వచ్చింది.

యూరప్ చిందులు

యూరప్‌లో ఈ కళ ‘ఎలక్ట్రో స్వింగ్’ అనే పేరుతో వేరే దారి తొక్కింది. ఆస్ట్రియాలోని లింజ్ ప్రాంతం నుంచి వచ్చిన పారోవ్ స్టెలార్ దీనికి ముఖ్యుడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మాజీ భార్య, స్వయంగా పియానో విద్వాంసురాలు అయిన లిల్ హార్డిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో రికార్డు చేసిన పాట ముక్కతో ఆయన కట్టిన ‘బూటీ స్వింగ్’ ప్రపంచమంతా తిరిగింది. బెల్‌గ్రేడ్ డీజే గ్రామొఫోన్‌జీ పెగ్గీ లీ గొంతుతో చేసిన ‘వై డోంట్ యూ’ 2010లో బ్రిటన్ పట్టికలో 12వ స్థానానికి చేరింది. ఈ బాణీలో సరదా ఎక్కువ, లోతు తక్కువ. టోపీలు, ముత్యాల హారాలు, నలుపు తెలుపు సినిమా బొమ్మలు చూపి పాత కాలాన్ని ఒక వేషంగా మార్చేస్తుంది. ఆ కాలంలో అదే క్లబ్బుల్లో పాడిన నల్లజాతి గాయనులు కొన్నిచోట్ల ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్లడానికి కూడా నోచుకోలేదన్న సంగతి ఆ వేషంలో కనబడదు.

ఎవరి గొంతు, ఎవరి సొమ్ము

‘స్ట్రేంజ్ ఫ్రూట్’ గురించి ఆగి మాట్లాడాలి. ఏబెల్ మీరోపోల్ రాసిన ఈ పాటను బిల్లీ హాలిడే 1939లో రికార్డు చేసింది. అమెరికా దక్షిణాది చెట్లకు ఉరివేసిన నల్లవారి శవాల గురించిన పాట అది. కొలంబియా కంపెనీ వెనకాడితే కమొడోర్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. అలాంటి పాటను ‘వర్వ్ రీమిక్స్డ్’లో పెట్టడమే సాహసం. దాన్ని మసక ధ్వనులకు పేరుపడిన బ్రిస్టల్ సంగీతకారుడు ట్రిక్కీ చేతికి ఇచ్చారు, నాట్యశాల దరువు వేసేవారికి ఇవ్వలేదు. అంతవరకు వివేకమే. 2013లో రాపర్ కాన్యే వెస్ట్ నీనా సిమోన్ పాడిన ఇదే పాటలోని గొంతును శ్రుతి మార్చి, భారీ హారన్ల మోత కింద పెట్టి, చెడిపోయిన ప్రేమ వ్యవహారం గురించిన పాటకు వాడుకున్నాడు. సంగీతంగా దానికి బలం ఉందన్నవారు ఉన్నారు. ఉరితాడు గురించిన మాటలను సొంత గొడవకు అలంకారంగా వాడటం నాకు తప్పుగానే తోస్తుంది. గొంతును తీసుకున్నవాడు ఆ గొంతు చెప్పిన మాటకూ జవాబుదారీ.

సొమ్ము సంగతి ఇంకా చేదు. సిమోన్ తన మొదటి ఆల్బమ్ హక్కులను 3,000 డాలర్లకు వదులుకున్నారు. అందులోని ‘మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ’ 1987లో ఒక పరిమళ ద్రవ్యం ప్రకటనలో వచ్చి బ్రిటన్‌లో మొదటి ఐదు పాటల్లో నిలిచింది. పాట పాడి దాదాపు 30 ఏళ్లు గడిచాక వచ్చిన ఆ లాభంలో గాయనికి దక్కాల్సింది దక్కలేదు. రీమిక్సుల కాలంలో ఈ లెక్క మరింత ముదిరింది. పాట రాసినవారికి ఒక హక్కు, ధ్వనిముద్రణకు మరో హక్కు ఉంటాయి. రెండోది సాధారణంగా కంపెనీ చేతిలో ఉంటుంది. గాయనికి దక్కేది ఆనాటి ఒప్పందాన్ని బట్టే.

చట్టాలు దేశానికొక తీరు. ఐరోపా సమాఖ్య ధ్వనిముద్రణల రక్షణను 50 ఏళ్ల నుంచి 70కి పెంచినా, అప్పటికే గడువు తీరిన 1962, అంతకు ముందరి విడుదలలు స్వేచ్ఛగానే మిగిలాయి. 1930ల, 40ల రికార్డులతో ఎలక్ట్రో స్వింగ్ అక్కడ వర్ధిల్లడానికి ఈ వెసులుబాటు అనుకూలించింది. అమెరికాలో 2018 నాటి చట్టం ప్రకారం 1923కు ముందరి ధ్వనిముద్రణలు 2022 జనవరి 1న గానీ ప్రజల సొత్తు కాలేదు. హాలిడే, ఫిట్జెరాల్డ్ రికార్డులకు అక్కడ ఇంకా చాలా గడువుంది. భారతదేశంలో ధ్వనిముద్రణకు 60 ఏళ్ల రక్షణ ఉంది. దానికి తోడు 2012 సవరణ గాయకుల వంటి ప్రదర్శకులకు తమ ప్రదర్శనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే నైతిక హక్కు ఇచ్చింది. అమెరికా చట్టం అలాంటి హక్కును దృశ్యకళలకే పరిమితం చేసింది. ఈ ఒక్క విషయంలో మన చట్టం మేలు.

ఇప్పుడు

2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. వేల పాటలతో తర్ఫీదు పొందిన ఈ ప్రోగ్రాము ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన పాటను గొంతు, డ్రమ్స్, బేస్, పియానోలుగా విడదీస్తుంది. అదే తీరులో మరికొన్ని వచ్చాయి. 1930ల నాటి రికార్డులోంచి గొంతును తీయడం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేయగల పని. ఫలితంలో ఇంకా లోపాలున్నాయి. పదాల చివర్లు నీళ్లలో మాట్లాడినట్టు వినిపిస్తాయి, గొంతు వెనక గది ప్రతిధ్వని పోయి పొడిగా మిగులుతుంది. కంపెనీ అల్మారా తాళం ఊడింది కాబట్టి రీమిక్సుల సంఖ్య పెరిగింది, వినదగినవి ఆ పాళ్లలో పెరగలేదు.

ఈ సంగీతాన్ని కొత్తగా వినబోయేవారు ‘సిన్నర్‌మ్యాన్’ దగ్గర మొదలుపెట్టండి. ముందు 1965 నాటి పది నిమిషాల పాటను మధ్యలో ఆపకుండా, చప్పట్ల ఘట్టం దాటి చివరి దాకా వినండి. ఫీలిక్స్ ద హౌస్‌క్యాట్ రీమిక్స్‌ను ఆ తరవాతే పెట్టుకోండి.